కుటుంబ ఆరోగ్యం: అన్నం మారిస్తే ఆటిజం పోతుందా?



మూడేళ్లు నిండినా బిడ్డ నోట మాట రాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. తోటి పిల్లలు ఆడుకుంటుంటే తాను ఒక మూలన కూర్చొని బండి చక్రాన్ని తిప్పుతూ ఉంటాడు. గోదావరిఖని కాలనీలలోగాని, రామగుండం చుట్టుపక్కల పల్లెలలోగాని ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి సలహాలు చెప్పేవారికి కొదువ ఉండదు. ఆ సలహాలలో సగం వంటింటి మీదికే వస్తాయి. "పాలు మానిపించండి" అంటారొకరు. "గోధుమ రొట్టె ముట్టనివ్వకండి" అంటారు ఇంకొకరు. "ఒంటె పాల పొడి తెప్పించండి, ఆరు నెలల్లో మాటలొస్తాయి" అని ఫోనులో వీడియో చూపేవారు కూడా ఉన్నారు. గనిలో షిఫ్టు చేసి వచ్చిన తండ్రి జీతంలోంచి వేలకు వేలు డబ్బాల మీద పోతాయి. మరో పక్క బిడ్డ కంచంలో ఉన్న నాలుగు పదార్థాలు రెండవుతాయి.

ఈ విషయంలో తల్లులను తికమక పెడుతున్న ప్రశ్నలు మూడు. తిండి వలన ఆటిజం వస్తుందా? తిండి మార్చితే పోతుందా? ఆటిజం ఉన్న బిడ్డకు అసలు ఏమి పెట్టాలి, ఎలా పెట్టాలి? మొదటి రెండింటి గురించి లోకమంతా మాట్లాడుతున్నది. బిడ్డకు ఎక్కువగా అక్కరకు వచ్చేది మూడవది.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం అంటు జబ్బు కాదు, పిచ్చి కాదు, శాపం అంతకన్నా కాదు. బిడ్డ మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా ఇది. చాలా వరకు ఈ తేడా తల్లి గర్భంలోనే మొదలవుతుంది. వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల పాత్ర ఇందులో ఎక్కువ. మాట, చూపు, సైగ, ఆట, నలుగురితో కలిసే తీరు, వీటిలో తేడా కనబడుతుంది. కొందరికి చప్పుళ్లు, వెలుగు, వాసనలు, బట్ట తగలడం కూడా భరించరానంతగా తోస్తాయి. కొందరు చదువులో చురుకుగా ఉంటారు. కొందరికి జీవితాంతం తోడు కావాలి.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా వైద్యలోకం గుర్తించడం అక్కడ మొదలయింది. ఆ వ్యాసంలో మన అంశానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. ఆ 11 మందిలో 6 గురికి పుట్టినప్పటి నుండే తిండి దగ్గర తీవ్రమైన ఇబ్బంది ఉన్నదని ఆయన గుర్తించాడు. ఒకరు పాలు తాగరు, ఒకరు తాగింది కక్కేస్తారు, ఒకరికి ఏడాది దాకా గొట్టం ద్వారా పట్టవలసి వచ్చింది. అంటే తిండికీ ఆటిజానికీ సంబంధం ఉన్నదని మొదటి రోజు నుండే తెలుసు. అయితే ఆ సంబంధం ఏ వైపు నుండి ఏ వైపుకు నడుస్తున్నది అన్నదే ప్రశ్న.

తల్లి తిన్నదే కారణమా?

మన దగ్గర బిడ్డకు ఏ లోపమున్నా మొదట తల్లినే అడుగుతారు. కడుపుతో ఉన్నప్పుడు బొప్పాయి తిన్నావా? గ్రహణం నాడు కత్తి పట్టావా? పథ్యం తప్పావా? చదువుకున్న దేశాలు కూడా ఈ పాపం నుండి తప్పించుకోలేదు. 1950, 60లలో అమెరికాలో పేరున్న వైద్యులే "తల్లి ప్రేమ లేక చల్లగా ఉన్నందువలన బిడ్డకు ఆటిజం వచ్చింది" అని చెప్పారు. ఆ తల్లులను మంచుపెట్టె తల్లులు అని పిలిచారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానే అలాంటి బిడ్డకు తండ్రి, 1964లో ఒక పుస్తకం రాసి ఇది మెదడుకు సంబంధించిన స్థితి అని వాదించాడు. ఆ తరువాతనే ఆ నింద క్రమంగా పోయింది.

ప్రేమ లేదన్న నింద పోయి ఇప్పుడు తిండి నింద వచ్చింది. అత్తగారింట ఎవరైనా "నీ తిండి వలననే" అంటే, అది నిజం కాదని భర్త గట్టిగా చెప్పాలి. గర్భిణి తినవలసినవి తినాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు, ఇనుము మాత్రలు వేసుకోవాలి, అయోడిన్ ఉప్పు వాడాలి. బిడ్డ వెన్నుపాము, మెదడు, రక్తం బాగుండడానికి ఇవి అవసరం. కాని ఇవన్నీ సరిగా పాటించిన తల్లులకు కూడా ఆటిజం ఉన్న బిడ్డలు పుడతారు. అందులో ఎవరి తప్పూ లేదు.

ఈ పథ్యం ఎక్కడి నుండి వచ్చింది?

గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతి పిండి సాగేది దాని వలననే. పాలలో కేసిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పాలు విరిగినప్పుడు ముద్దగా చేరేది అదే. 1979లో జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న పిల్లల మెదడులో నల్లమందు వంటి పదార్థాల ప్రభావం ఎక్కువగా ఉన్నదేమో అని ఒక ఊహ చేశాడు. తరువాత నార్వే దేశంలో రైఖెల్ట్ అనే వైద్యుడు, ఇంకా కొందరు ఆ ఊహను పెంచారు. గ్లూటెన్, కేసిన్ సరిగా అరగక చిన్న ముక్కలై, పేగు గోడ దాటి రక్తంలోకి పోయి, మెదడును మత్తులో పెడుతున్నాయని వారి వాదన. అయితే వాటిని మానిపిస్తే మత్తు దిగి బిడ్డ మాట్లాడాలి కదా! వినడానికి ఎంత నమ్మకంగా ఉన్నదో చూడండి. 1990లలో ఈ పథ్యం పడమటి దేశాల తలిదండ్రులలో వేగంగా పాకింది. అక్కడి నుండి మన దేశానికి వచ్చింది.

ఆ కాలంలోనే 1998లో లండన్‌లో ఒక వైద్యుడు పేగు జబ్బును, తట్టు టీకాను, ఆటిజాన్ని ముడిపెట్టి ఒక వ్యాసం ప్రచురించాడు. అది నమ్మదగినది కాదని తేలి, ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో దానిని ఉపసంహరించింది. టీకాల వలన ఆటిజం రాదు. ఈ మాట విని బిడ్డకు టీకాలు ఆపిన వారుంటే దయచేసి వెంటనే వేయించండి.

పరీక్షలలో ఏమి తేలింది?

ఊహ బాగున్నంత మాత్రాన అది నిజం కాదు, పరీక్షకు నిలవాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పథ్యం పెట్టిన తల్లి మార్పు కోసం కళ్లలో వత్తులు వేసుకొని చూస్తుంది. బిడ్డ ఒకసారి నవ్వినా అది పథ్యం వలననే అనిపిస్తుంది. పైగా పిల్లలు పథ్యం లేకపోయినా ఎదుగుతూనే ఉంటారు, కొత్తవి నేర్చుకుంటూనే ఉంటారు. కాబట్టి ఏ బిడ్డ ఏమి తిన్నాడో తల్లికీ, చూసే వైద్యునికీ తెలియకుండా పరీక్షించాలి.

నార్వేలో 20 మంది పిల్లలతో ఏడాది పాటు జరిగి 2002లో వెలువడిన ఒక పరిశోధనలో పథ్యం చేసిన పిల్లలు మెరుగయ్యారని రాశారు. కాని అక్కడ ఎవరు పథ్యంలో ఉన్నారో తలిదండ్రులకు తెలుసు. 2006లో ఫ్లోరిడాలో 15 మంది పిల్లలకు 12 వారాలు భోజనం తయారుచేసి ఇచ్చారు. ఏది పథ్యమో, ఏది మామూలు భోజనమో తలిదండ్రులకు చెప్పలేదు. కొలతలలో తేడా ఏమీ కనబడలేదు. అయినా కొందరు తలిదండ్రులు మా బిడ్డ మెరుగయ్యాడనే అన్నారు. 2016లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో వచ్చిన ఫలితం ఇంకా స్పష్టం. 14 మంది పిల్లలను ముందు గట్టి పథ్యంలో ఉంచి, తరువాత ఎవరికీ తెలియకుండా చిరుతిండిలో ఒకసారి గోధుమ, ఒకసారి పాలు, ఒకసారి రెండూ, ఒకసారి ఏదీ కలపకుండా ఇచ్చారు. నిద్రలో, విరేచనంలో, ప్రవర్తనలో ఏ తేడా రాలేదు. ఇవన్నీ చిన్న పరీక్షలే. అయినా ఇన్నేళ్లలో ఈ పథ్యం ఆటిజాన్ని తగ్గిస్తుందని గట్టి రుజువు ఒక్కటీ దొరకలేదు.

ఆశ ఎంత బలమైనదో చూపే మరో ఉదాహరణ ఉంది. సెక్రెటిన్ అనే పేగు హార్మోను ఇంజెక్షనుతో ముగ్గురు పిల్లలు మెరుగయ్యారని 1998లో వార్త వచ్చింది. వేలాది తలిదండ్రులు దాని వెంట పడ్డారు. 1999లో 60 మంది పిల్లలతో పరీక్ష చేశారు. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీరు ఇచ్చారు. ఇద్దరిలోనూ ఒకటే ఫలితం. ఆ సంగతి చెప్పిన తరువాత కూడా 69 శాతం తలిదండ్రులు ఆ మందు మీద ఆసక్తి ఉన్నదనే చెప్పారు. వారిని నవ్వవద్దు. బిడ్డ కోసం ఎంతకైనా తెగించే ప్రేమ అది. ఆ ప్రేమను సొమ్ము చేసుకునేవారి విషయంలోనే జాగ్రత్త కావాలి. ఒంటె పాల సంగతీ అంతే. ఆవు పాలలో కేసిన్ ఉన్నదని మానిపించి ఒంటె పాలు కొనిపిస్తారు. ఒంటె పాలలో కూడా కేసిన్ ఉంటుంది!

మరి కొందరికి మేలు కనబడిందే?

కనబడవచ్చు. దానికి కారణాలున్నాయి. పాలలోని చక్కెర అరగనివారు మన దక్షిణాదిలో చాలామంది. అలాంటి బిడ్డకు పాలు తాగగానే కడుపు ఉబ్బి నొప్పి లేస్తుంది. మాట రాని బిడ్డ "కడుపు నొస్తున్నది" అని ఎలా చెబుతాడు? తల గోడకు కొట్టుకుంటాడు, చేయి కొరుక్కుంటాడు, రాత్రంతా ఏడుస్తాడు. పాలు తగ్గించగానే నెమ్మదిస్తాడు. తగ్గింది కడుపు నొప్పి, ఆటిజం కాదు. అలాంటి బిడ్డలలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి.

ఆటిజం ఉన్న పిల్లలలో మలబద్ధకం, కడుపు నొప్పి మామూలు పిల్లలకన్నా చాలా ఎక్కువ. కాబట్టి బిడ్డ ఉన్నట్టుండి మొండిగా మారితే ముందు కడుపు, పళ్లు, చెవులు చూపించండి. మలబద్ధకానికి మందు వాడితేనే ఇంట్లో ప్రశాంతత వచ్చిన కుటుంబాలున్నాయి.

ఇక సీలియాక్ అనే జబ్బులో గోధుమ నిజంగానే పేగులను దెబ్బ తీస్తుంది. ఎదుగుదల ఆగడం, విరేచనాలు, తగ్గని రక్తహీనత దాని లక్షణాలు. దానికి రక్తపరీక్ష ఉంది. ఒక్క మాట గుర్తుంచుకోండి. బిడ్డ గోధుమ తింటున్నప్పుడే ఆ పరీక్ష చేయించాలి. ముందే మానిపిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

తిండితో మెదడును కాపాడిన సంగతి

ఇదంతా చదివి వైద్యులు తిండిని చిన్నచూపు చూస్తారని అనుకోవద్దు. పథ్యం మెదడును కాపాడిన నిజమైన ఉదాహరణ ఒకటి ఉంది. నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలు బుద్ధిమాంద్యంతో ఉండడం, వారి మూత్రం వింత వాసన రావడం చూసి వైద్యుల చుట్టూ తిరిగింది. ఎవరూ పట్టించుకోలేదు. చివరకు 1934లో ఫోలింగ్ అనే వైద్యుడు ఆ మూత్రాన్ని పరీక్షించి, మాంసకృత్తులలోని ఒక భాగం వారి శరీరంలో అరగక విషంగా పేరుకుంటున్నదని కనుగొన్నాడు. ఆ జబ్బు పేరు ఫినైల్‌కీటోన్యూరియా. వైద్యం లేకపోతే బుద్ధిమాంద్యం వస్తుంది, కొందరిలో ఆటిజం లక్షణాలు కూడా కనబడతాయి. 1950ల మొదట్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో బికెల్ అనే వైద్యుడు ఆ భాగాన్ని తగ్గించిన ఆహారం తయారుచేసి ఒక చిన్న పాపకు ఇచ్చి మేలు చూపించాడు. 1960లలో గుత్రీ అనే వైద్యుడు పసిబిడ్డ మడమ నుండి కొద్ది చుక్కల రక్తంతో దీనిని పట్టే పరీక్ష తెచ్చాడు. పుట్టిన కొద్ది రోజులలో పట్టి పథ్యం పెడితే బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది.

నోబెల్ బహుమతి పొందిన రచయిత్రి పెర్ల్ బక్ చైనాలో పనిచేసిన మిషనరీల కుమార్తె. ఆమెకు 1920లో పుట్టిన కూతురు కేరల్‌కు ఈ జబ్బే ఉండేది. 1950లో ఆ బిడ్డ గురించి పుస్తకం రాసేనాటికి కూడా ఆ తల్లికి కారణం తెలియదు. తెలిసేనాటికి పథ్యానికి సమయం దాటిపోయింది.

తేడా గమనించారా? ఇక్కడ కారణం తెలుసు. రక్తపరీక్షలో కనబడుతుంది. ఏది ఎంత తగ్గించాలో కొలత ఉంది. ఆటిజం పథ్యానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ మడమ పరీక్ష ఇంకా జరగడం లేదు. ఇంట్లో ముందు బిడ్డకు కారణం తెలియని బుద్ధిమాంద్యం ఉంటే, తరువాతి కాన్పు నాటికి వైద్యులను దీని గురించి తప్పక అడగండి.

సంబంధం తిరగబడి ఉంది

తిండి వలన ఆటిజం రాదు. ఆటిజం వలన తిండి చెడుతుంది. అందరూ తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే.

నాలుక మీద గింజ తగిలితే ముల్లు గుచ్చినట్లుండే బిడ్డలున్నారు. తెల్లగా ఉన్నది మాత్రమే తినేవారున్నారు. ఒకే రకం బిస్కట్టు, అదీ విరగకుండా ఉంటేనే తినేవారున్నారు. 2013లో అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, ఆటిజం ఉన్న పిల్లలలో తిండి సమస్యలు మిగతా పిల్లలకన్నా 5 రెట్లు ఎక్కువ అని తేలింది. వారికి మాంసకృత్తులు, కాల్షియం తక్కువగా అందుతున్నాయి. పేగులలోని సూక్ష్మజీవుల తేడా వలననే ఆటిజం వస్తుందని కొందరు అన్నారు. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లలను పరీక్షించగా, ఆటిజం ఉన్న బిడ్డ కొద్ది రకాలే తింటాడు కాబట్టి ఆ సూక్ష్మజీవుల రకాలు కూడా తగ్గుతున్నాయని తేలింది.

దీని ఫలితం తీవ్రంగా ఉండవచ్చు. కొన్నేళ్ల పాటు పండు, కూర ముట్టని ఆటిజం పిల్లలకు స్కర్వీ వచ్చిన సంగతులు వైద్య పత్రికలలో ఎన్నో ఉన్నాయి. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు వచ్చిన జబ్బు అది. బిడ్డ ఉన్నట్టుండి నడవనంటాడు, కాళ్లు ముట్టుకుంటే ఏడుస్తాడు, చిగుళ్ల నుండి రక్తం వస్తుంది. అందరూ అది ఆటిజం మొండితనమే అనుకుంటారు. జామకాయ, ఉసిరి, నిమ్మరసంలో ఉండే సి విటమిన్‌తో నయమయ్యే జబ్బు. పాలు మాన్పించిన పిల్లలలో ఎముకలు పలచబడుతున్నాయని కూడా 2008లో ఒక అమెరికా పరిశోధన చూపింది.

ఇలాంటి బిడ్డ కంచంలో ఉన్నవే నాలుగు రకాలు. అందులోంచి రెండు తీసేయమని చెప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మన వంటింట్లో ఈ పథ్యం

పడమటి దేశాలలో గోధుమ మానడం కష్టం. మనకు అంత కష్టం కాదు. వరి, జొన్న, మక్క, సజ్జ, రాగి, కొర్ర, వీటిలో గ్లూటెన్ లేదు. మన జొన్న రొట్టె, మక్క గట్క, సర్వపిండి, సకినాలు తరతరాలుగా గ్లూటెన్ లేనివే. దాని కోసం అంగట్లో ఎక్కువ ధర పెట్టి ప్రత్యేక పొట్లాలు కొననక్కరలేదు. గోధుమ మన ఇంటికి వచ్చేది ఉప్మా రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కట్టు, రస్కు రూపంలో. పొడి ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారు. మైదా బిస్కట్లు తగ్గించి జొన్న రొట్టె పెడితే ఏ బిడ్డకైనా మంచిదే. అది ఆటిజానికి మందు అని మాత్రం అనుకోవద్దు.

కష్టమంతా పాల దగ్గర. మూడేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఆవు పాలలో దాదాపు 240 మిల్లీగ్రాములు దొరుకుతుంది. అంత కాల్షియం రాగుల నుండి రావాలంటే సుమారు 70 గ్రాముల పిండి కావాలి. జావలో రెండు చెంచాల పిండి వేసి పాలకు బదులు ఇచ్చాం అనుకుంటే లెక్క సరిపోదు. వైద్యుడు చెప్పి పాలు మాన్పించవలసి వస్తే నువ్వులు, రాగులు, ఆకుకూరలు, ముళ్లతో తినే చిన్న చేపలు రోజూ కలవాలి, లేదా కాల్షియం మందు ఇవ్వాలి.

అంగన్‌వాడీలో ఏడు నెలల నుండి మూడేళ్ల దాకా పిల్లలకిచ్చే బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో చేసినది. గోధుమ, పాలు రెండూ మానిపించే తల్లి బాలామృతం కూడా ఆపేస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నుండి 59 నెలల పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటి చోట, రుజువు లేని పథ్యం కోసం చేతికందిన పోషకాహారాన్ని కాదనుకోవడం తగునా?

బొగ్గు, మన్ను తినే బిడ్డ

బొగ్గుబాయి ప్రాంతంలో తల్లులు చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఇది. బిడ్డ బొగ్గు ముక్కలు, బలపాలు, గోడ సున్నం, మన్ను తింటాడు. కొట్టినా మానడు. తినకూడనివి తినే ఈ అలవాటు ఆటిజం ఉన్న పిల్లలలో దాదాపు నాలుగో వంతు మందిలో ఉన్నదని 2021లో ఒక అమెరికా పరిశోధన చెప్పింది. మామూలు పిల్లలలో ఇది నూటికి ముగ్గురు నలుగురిలోనే.

బిడ్డను కొట్టవద్దు. ముందు రక్తపరీక్ష చేయించండి. ఇనుము లోపం ఉన్నప్పుడు ఈ కోరిక పెరుగుతుంది. ఇనుము మందుతో కొందరిలో బాగా తగ్గుతుంది. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పక వేయించండి. పాత రంగు పెచ్చులు, పాత బ్యాటరీలు విప్పే చోటి మట్టి నోట పెట్టే బిడ్డకు రక్తంలో సీసం ఎంత ఉన్నదో కూడా చూడమని వైద్యుని అడగండి. సీసం మెదడుకు హాని చేస్తుంది. నోట ఏదో ఒకటి నమలాలనే బిడ్డకు క్యారెట్టు ముక్క, కాల్చిన జొన్న రొట్టె అంచు వంటి గట్టి పదార్థం, పెద్దవాళ్లు దగ్గరుండి ఇవ్వవచ్చు. అన్నంతో పాటు చాయ్ ఇస్తే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండితే పడుతుంది.

ఎలా తినిపించాలి?

1. ఒకే వేళ, ఒకే చోటు, ఒకే పళ్లెం. ఈ పిల్లలకు క్రమం అంటే ధైర్యం. తండ్రి షిఫ్టు మారినప్పుడల్లా బిడ్డ భోజనం వేళ మార్చవద్దు.

2. బిడ్డకు ఇష్టమైనది పళ్లెంలో ఎప్పుడూ ఉండాలి. దాని పక్కన కొత్తది గోరంత పెట్టండి. తినమనవద్దు. మొదట చూడనివ్వండి, తరువాత ముట్టుకోనివ్వండి, వాసన చూడనివ్వండి, నాలుకకు తగలనివ్వండి. ఒక కొత్త పదార్థానికి పది, పదిహేను సార్లు కూడా పట్టవచ్చు.

3. తినేదానికి దగ్గరగా ఉన్న దానితో మొదలుపెట్టండి. పెరుగన్నం తినే బిడ్డకు ముందు అందులో రెండు చుక్కల పప్పుకట్టు, వారం తరువాత చెంచాడు. ఇడ్లీ తినేవానికి రాగి కలిపిన ఇడ్లీ. అయితే బిడ్డ నమ్మే ఒకే ఒక్క పదార్థంలో మందు దాచి పెట్టవద్దు. కనిపెడితే దానిని కూడా మానేస్తాడు.

4. ముక్కు మూసి, చేతులు పట్టి బలవంతంగా మింగించవద్దు. పొలమారి ప్రాణం మీదికి వస్తుంది. ఫోను చూపుతూ తినిపించడం అలవాటు చేస్తే ఫోను లేనిదే నోరు తెరవడు.

5. ఒక నోటు పుస్తకంలో వారం రోజులు బిడ్డ తిన్నవి, విరేచనం, నిద్ర రాసిపెట్టండి. వైద్యుని దగ్గరికి దానిని తీసుకొని వెళ్లండి.

తినే రకాలు మరీ కొద్దిగా ఉన్నా, బరువు తగ్గుతున్నా, ముద్ద మింగడానికి పొలమారుతున్నా ఆలస్యం చేయవద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

ఏడాది నిండినా పేరుకు పలకకపోతే, ఏడాదిన్నరకు వేలితో చూపకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు పోతే ఎదురు చూడవద్దు. సింగరేణి ఉద్యోగులు కంపెనీ ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపించి పై ఆసుపత్రికి రాయించుకోవచ్చు. మిగతావారు అంగన్‌వాడీ టీచరును, ప్రభుత్వ ఆసుపత్రిని అడగాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలకు పరీక్ష ఉచితం. బడి వయసు పిల్లలకు మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన కేంద్ర సంస్థ ఉంది. ఇదివరకు ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. మన దేశంలో ఆటిజాన్ని కొలిచే పట్టికను తయారుచేసింది వారే. రామగుండంలో రైలెక్కితే నేరుగా సికింద్రాబాద్‌లో దిగవచ్చు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలోను, 2016 చట్టంలోను చేర్చారు. ధ్రువపత్రం తీసుకుంటే నిరామయ అనే ఆరోగ్య బీమా కింద ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు పొందవచ్చు. పాల పొడి డబ్బాలకు పోయే సొమ్ము మాట నేర్పే శిక్షణకు, రాకపోకలకు మిగిలితే బిడ్డకు మేలు.

సంఘములో మనము

ఇలాంటి బిడ్డ ఉన్న కుటుంబం క్రమంగా గుడికి రావడం మానేస్తుంది. బిడ్డ అరుస్తాడని, విందులో అన్నం విసురుతాడని, అందరూ చూస్తారని. ఆదివారపు బడిలో బిస్కట్లు పంచేముందు "బాబుకు ఏది పడుతుంది అమ్మా?" అని టీచరు ఒక్కమాట అడగవచ్చు. సంఘ విందులో ఆ కుటుంబానికి చప్పుడు తక్కువ ఉన్న చోట ముందుగా వడ్డించవచ్చు. బిడ్డ ఇంటి నుండి తెచ్చుకున్న పెరుగన్నం తింటుంటే "కోడికూర పెట్టమ్మా" అని బలవంతం చేయకుండా ఉండవచ్చు. ఆ తల్లి వేడివేడిగా ఒక పూట కూర్చొని తినేందుకు, ఎవరైనా అరగంట ఆ బిడ్డ చేయి పట్టుకోవచ్చు. ఆ తల్లికి నిజంగా కావలసిన సహాయం ఇదే. కొత్త పథ్యాల గురించి ఆమె ఇప్పటికే చాలా విన్నది.

వచ్చే నెల ఇదే శీర్షికలో పిల్లలలో రక్తహీనత, ఇంట్లో దొరికే ఇనుము గురించి తెలుసుకుందాం.